ప్యాచ్‌వర్క్ అన్న ఒక్క మాట

పుష్పవల్లికి ఒకే వస్తువు రెండు చోట్ల కనిపిస్తే ఒళ్లు మండేది. మా ఆఫీసు వంటగదిలో పంచదార రెండు సీసాల్లో ఉంటే, ఒకదాన్ని రెండోదాంట్లోకి వంపేసి, ఖాళీ సీసా కడిగి బోర్లించి, "ఒకటి చాలదా?" అనేది. "నీకు రాబోయే మొగుడు ఒక్క మాట మీద నిలబడాలి, పాపం" అని నేను ఏడిపించేదాన్ని. పకపకా నవ్వేది. ఆ అమ్మాయి పేరెత్తితే ఇప్పుడు పాత ఆఫీసువాళ్లు "ఆ పేషెంటు చావుకి కారణమైన అమ్మాయేగా" అంటున్నారు. మొన్న ఒక పెళ్లిలో నా చెవులతో విన్నాను. భోజనం సగంలో వదిలేసి లేచి వచ్చాను. అందుకే ఇది రాస్తున్నాను. నా కోపం ఇంకా చల్లారలేదు, చల్లారాలని కూడా నాకు లేదు.

వాళ్ల నాన్న జానకిరామయ్యగారు సినిమా ఎడిటింగ్ రూముల్లో అసిస్టెంటు. తెనాలి వైపు నుంచి మద్రాసు వెళ్లారు. సినిమావాళ్లు మద్రాసు వదిలి హైదరాబాదు వస్తుంటే వాళ్ల వెంట తనూ వచ్చి కృష్ణానగర్‌లో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. తల్లి మద్రాసులోనే పోయింది. ఇంట్లో ఒక్కతే ఉండలేక పుష్ప స్కూలు నుంచి నేరుగా ఎడిటింగ్ రూముకి వెళ్లి, తెగిన ఫిల్ము ముక్కల్ని ఏ సీనువి ఆ సీనుకి వేరుచేసి పెట్టేదట. ఆ పిల్ల డిగ్రీ చదివి, కంప్యూటర్ కోర్సు చేసి, తొంభై ఐదులో జూబ్లీహిల్స్‌లోని మా కంపెనీలో చేరింది. నేనక్కడ టైపిస్టుని. నా పేరు బాలాత్రిపురసుందరి. అంత పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి అందరికీ సుందరక్కని.

మా యజమాని సూర్యప్రకాశరావుగారు సినిమా డిస్ట్రిబ్యూటరు. బంగళాలో కింద సినిమా ఆఫీసు, పైన మా కంప్యూటర్లు. ఆయన దృష్టిలో సాఫ్ట్‌వేర్ కూడా ఒక రకం సినిమాయే. ప్రోగ్రాము మొదలుపెడితే కొబ్బరికాయ, పూర్తయితే గుమ్మడికాయ, కొన్నవాళ్లకి అప్పగిస్తే రిలీజు. ప్రోగ్రాముని కూడా బొమ్మ అనే అనేవారు. చెడ్డ మనిషని నేననను. పండక్కి అందరికీ బట్టలు పెట్టేవారు. కాకపోతే ఎదుటివాళ్లు చెప్పేది సగం విని, మిగతా సగం తనే పూర్తిచేసుకునే అలవాటు ఆయనకుండేది. సినిమావాళ్లు కథ చెప్పడానికి వచ్చినా అంతేనట. మొదటి రెండు ముక్కలు వినగానే "అర్థమైంది, అర్థమైంది" అనేవారట.

మా కంపెనీలో తయారయ్యేదాన్ని లైబ్రరీ అనేవారు. చేరిన కొత్తలో పుస్తకాలెక్కడ అని నేను బీరువాలు వెతికాను. అది పుస్తకాల లైబ్రరీ కాదు. ఒక కంప్యూటర్‌లోని సమాచారాన్ని ఫోను తీగ మీద ఇంకో కంప్యూటర్‌కి చెక్కుచెదరకుండా చేరవేసే ప్రోగ్రాము. సమాచారాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కని ఒక ప్యాకెట్‌గా కట్టి, పైన ఒక నంబరు వేసి పంపుతుంది. అవతలి మెషిను అందుకుని "చేరింది" అని జవాబిస్తుంది. జవాబు రాకపోతే ఇవతలిది అదే నంబరుతో మళ్లీ పంపుతుంది. ఒకే నంబరుతో రెండుసార్లు వస్తే అవతలిది రెండోదాన్ని పారేసి, "చేరింది" అని ఇంకోసారి చెప్పి ఊరుకుంటుంది. మాన్యువల్ టైపు చేసింది నేనే కాబట్టి ఈ మాత్రం నాకు తెలుసు. మద్యనిషేధం రోజులవి. బస్సులో మేమిద్దరం "ప్యాకెట్ ఎవరు కడుతున్నారు, ఎక్కడ కడుతున్నారు" అని మాట్లాడుకుంటుంటే కండక్టరు అనుమానంగా చూసేవాడు. సారా ప్యాకెట్లనుకున్నాడు పాపం.

మా లైబ్రరీ కొన్నది బంజారాహిల్స్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి. వాళ్ల ల్యాబ్ టోలిచౌకిలో ఉంది. రక్తం సీసాలు అక్కడికి వెళ్లేవి, ఫలితాలు ఫోను తీగ మీద వార్డు కంప్యూటర్‌కి వచ్చేవి. మామూలు రిపోర్టులు ఒక రకం, వెంటనే డాక్టరు చూడాల్సిన అర్జెంటు రిపోర్టులు ఇంకో రకం. పాత ప్రోగ్రాము లైను చెడిన ప్రతిసారీ మొరాయించేది. ఆసుపత్రివాళ్లు గొడవపెడితే బాగుచేసే పని పుష్పకి అప్పగించారు.

పుష్ప లోపల చూసి తల పట్టుకుంది. ప్యాకెట్ కట్టే పని ఒక చోట లేదు. మామూలు రిపోర్టు పంపేచోట ఒకరు కట్టారు, మళ్లీ పంపేచోట ఇంకొకరు, అర్జెంటు దగ్గర మరొకరు. తలా ఒక పద్ధతి. అర్జెంటు భాగం రాసినాయన బెంగుళూరు వెళ్లిపోయాడు. అందరూ ఒకే నంబరు డబ్బాలో చెయ్యిపెట్టి తలా ఒక నంబరు తీసుకుంటున్నారు కాబట్టి ఏదో నడుస్తోంది.

"ఇదంతా తీసేసి ప్యాకెట్ కట్టడం ఒక్కచోటే పెడతాను సుందరక్కా. ఎవరికి కావాలన్నా అక్కడికే వచ్చి తీసుకోవాలి. నంబరు కూడా అక్కడే వేస్తాను, ఇంకెవరూ ముట్టుకోవడానికి లేకుండా."

"పంచదార సీసా సంగతేగా" అన్నాను.

"అదే!" అని మురిసిపోయింది.

ఆ వేసవంతా ఆ పనిలోనే ఉంది. ఒక్కోచోట పాత కట్టుడు పీకి, కొత్తదానికి కలుపుతూ వచ్చింది. మామూలు రిపోర్టులయ్యాయి, మళ్లీ పంపేవి అయ్యాయి. అర్జెంటు భాగం అన్నిటికంటే చిక్కుముడిగా ఉందని చివరికి పెట్టుకుంది. అదొక్కటే ఇంకా పాత డబ్బాలోంచి నంబర్లు తీసుకుంటోంది. అంతలో ఆసుపత్రివాళ్లు కొత్త విభాగం ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. మన బొమ్మ కూడా ఆరోజే రిలీజని రావుగారు మాటిచ్చేసి, పంతులుగారి చేత ముహూర్తం పెట్టించి వచ్చారు.

ఆయన మెట్లెక్కి పైకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. తెల్ల చొక్కా, చేతిలో ప్రారంభోత్సవం కార్డులు.

"ఏమ్మా పుష్పా, బొమ్మ రెడీయేనా?"

"చాలావరకు అయింది సార్. అర్జెంటు రిపోర్టుల దగ్గర ప్యాచ్‌వర్క్ మిగిలింది. ఇంకో వారం కావాలండి."

ఆ మాట ఎందుకు వాడిందో నాకు తెలుసు. కంప్యూటర్ భాష ఆయనకి ఎక్కదు, సినిమా మాటైతే చటుక్కున అందుకుంటారని. వాళ్లింట్లో రోజూ వినపడే మాటే అది. అయితే సినిమాలో ప్యాచ్‌వర్క్ అంటే ఏంటి? షూటింగంతా అయ్యాక మిగిలిన చిల్లర షాట్లు. తలుపు తీసే చెయ్యి, వెళ్లే కారు, ఎగిరే పావురం. తీస్తే సరి, తీయకపోతే ఎడిటరు ఏదో ఒకటి అతికిస్తాడు, చూసేవాడికి తెలియదు. దానికోసం రిలీజు ఆపిన డిస్ట్రిబ్యూటరు ఈ భూమ్మీద పుట్టలేదు.

"ప్యాచ్‌వర్కేగా! రిలీజయ్యాక చూసుకోవచ్చులే" అన్నారాయన.

పుష్ప కుర్చీలోంచి లేచింది. "అది కాదండీ. సినిమా బాక్సుల్లో చూడండి సార్, రీళ్ల మీద నంబర్లుంటాయి కదా. ఇప్పుడు నంబర్లు వేసేవాళ్లు రెండు చోట్ల ఉన్నారు. ఒకరు వేసింది ఇంకొకరికి తెలీదు. రెండు రీళ్లకి ఒకటే నంబరు పడితే, ఇది ముందే వచ్చేసిందే కదా అని ఆపరేటరు రెండోదాన్ని పక్కన పారేస్తాడు. ఆ పారేసేది అర్జెంటు రిపోర్టండీ. పేషెంటు ప్రాణం మీదికొస్తుంది."

"బాక్సుల సంగతి నాకు చెప్తున్నావా అమ్మా!" అని ఆయన నవ్వారు. అక్కడున్న నలుగురూ నవ్వారు. చుట్టూ నవ్వు లేచాక ఇంక ఎవరేం చెప్పినా చెవిన పడదు. ఆయన కార్డులు పంచి కిందికి దిగిపోయారు.

మర్నాడు పుష్ప ఫిల్మ్‌నగర్‌లో ఆయన ఇంటికి వెళ్లింది. కొత్తది సిద్ధం కాకపోతే పాతదే నడవనివ్వండి, మొరాయించినా అబద్ధం చెప్పదు అని బతిమాలింది. "పాత బొమ్మకి కొత్త పోస్టరు వేస్తే జనం కుర్చీలు విరగ్గొడతారమ్మా" అన్నారట. కాఫీ ఇచ్చి పంపించారు.

ముహూర్తం రోజు టోలిచౌకి ల్యాబ్‌లో కంప్యూటర్‌కి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. మొట్టమొదటి షాట్ దేవుడి పటం మీద తీయడం సినిమావాళ్ల ఆనవాయితీ. రావుగారు తన చేత్తో "శ్రీరామ" అని టైపు చేసి, బాగా గొప్పగా ఉంటుందని అర్జెంటు మీట నొక్కారు. బంజారాహిల్స్ వార్డులో "శ్రీరామ" ఎర్ర అక్షరాల్లో వెలిగింది. ఫోనులో ఆ మాట వినగానే ఇక్కడ చప్పట్లు. అది చేరకపోవడానికేముంది? అంతకుముందు ఇంకే ప్యాకెట్టూ వెళ్లలేదు, గుద్దుకోవడానికి రెండో నంబరే లేదు. "చూశావా, నీ అర్జెంటు ఎలా వెళ్లిందో!" అని రావుగారు పుష్ప చేతిలో లడ్డూ పెట్టారు. ఆ లడ్డూ పుష్ప తినలేదు. దాని హ్యాండుబ్యాగులో చితికిపోతే నేనే దులిపాను.

అది చేతులు ముడుచుకుని కూర్చుంటే నేను కూడా ఏమీ అనేదాన్ని కాదేమో. కూర్చోలేదు. ఎవరూ చెప్పకపోయినా అర్జెంటు భాగాన్ని కూడా కొత్తదానికి కలిపి, తన మెషిను మీద అటూ ఇటూ తిప్పి పరీక్షించి, "అయిపోయింది సార్, మార్పిస్తే చాలు" అని వెళ్లి చెప్పింది. ఆసుపత్రివాళ్లు అప్పటికి రావుగారిని మెచ్చుకుంటున్నారు. మామూలు రిపోర్టులు చకచకా వెళ్తున్నాయి. అర్జెంటువి ఎప్పుడో ఒకటి, అవీ అదృష్టం కొద్దీ ఇంకా దేనికీ గుద్దుకోలేదు. "హౌస్‌ఫుల్‌గా ఆడుతున్న బొమ్మకి కత్తెర వేస్తారా ఎవరైనా? కాస్త ఆగు" అన్నారు. అప్పుడు పుష్ప ల్యాబ్‌కి ఫోను చేసి, అర్జెంటువి పంపాక వార్డుకి నోటితో కూడా చెప్పండి అని రోజూ గుర్తుచేయడం మొదలుపెట్టింది. "తెర మీద చేరిందని వస్తోంది కదా మేడమ్, మళ్లీ ఫోనెందుకు?" అని ల్యాబ్‌వాళ్లు విసుక్కుని రావుగారికి చెప్పారు. ఆయనకి నిజంగా కోపం వచ్చిన రోజు అది. కంపెనీ పరువు తీస్తున్నావా అని అందరి ముందూ కేకలేసి, ఆ ఫోన్లు ఆపించేశారు.

నర్సింహ అని ఒక లైట్‌మ్యాన్ ఉండేవాడు. కృష్ణానగర్‌లోనే, జానకిరామయ్యగారింటికి మూడు సందుల అవతల ఉండేవాడు. మూత్రపిండాలు చెడి ఆసుపత్రిలో చేరాడు. పొద్దున రక్తం తీశారు. అందులో పొటాషియం గుండె ఆగిపోయేంత ఎక్కువుందని ల్యాబ్ కనిపెట్టి వెంటనే అర్జెంటు మీట నొక్కింది. "చేరింది" అని తెర మీద వచ్చింది. వార్డులో మాత్రం ఏమీ రాలేదు. రిపోర్టు రాలేదు కదా అని డాక్టరు మందు మొదలుపెట్టలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి నర్సింహ పోయాడు.

ఆసుపత్రివాళ్లు వచ్చారు. రావుగారి గదిలో కూర్చున్నారు. పుష్పని పిలిచారు. నన్ను కూడా పిలిచారు, మాట్లాడిందంతా టైపు చేయడానికి.

"ఈ లోపం మీకు ముందే తెలుసా?" అని వాళ్లు అడిగారు.

రావుగారు పుష్ప వైపు తిరిగి, "ఏమ్మా, నువ్వేగా అన్నావు, ప్యాచ్‌వర్కే మిగిలిందని? ఇంత ప్రమాదమని ఒక్క ముక్క చెప్పావా?" అన్నారు.

ఆయన అబద్ధమాడుతున్నారని నేను అనుకోలేదు. అదే నాకు ఇప్పటికీ మంట. ఆయనకి ఆ ఒక్క మాటే గుర్తుంది. రీళ్ల సంగతి, ప్రాణం సంగతి, ఇంటికి వచ్చి బతిమాలిన సంగతి, అన్నీ ఆ మాట కింద పడి కొట్టుకుపోయాయి. "చెప్పింది! నేను విన్నాను" అని నేను అరిచాను. మీరు టైపు చేయండమ్మా అన్నారు ఆసుపత్రివాళ్లు. పుష్ప ఏమందనుకున్నారు? "ఆ మాట నేనే అన్నానండి" అంది. అది నిజమే కాబట్టి కాదనలేకపోయింది. పిచ్చిపిల్ల. రెండు మాటలు చేతకాని పిల్ల.

సాంకేతిక లోపం అని కాగితం మీద ఒక ముక్క రాసుకుని పెద్దలందరూ లేచారు. పుష్పని ఉద్యోగంలోంచి తీసేశారు. అది కట్టిపెట్టిన అర్జెంటు భాగాన్ని మాత్రం ఆ వారంలోనే ఆసుపత్రిలో పెట్టారు. ఈరోజుకీ అదే నడుస్తోందట, ఒక్క రిపోర్టూ తప్పలేదట. జానకిరామయ్యగారు మంచం పట్టారు. ఇంటికి వెళ్తే నావైపు చూసి, "ఆ మాట నా నోటి నుంచే నేర్చుకుంది అమ్మా" అన్నారు.

ఇన్ని జరిగినా నర్సింహ భార్యకి ఎవరూ ఏమీ చెప్పలేదు. జబ్బు ముదిరి పోయాడు అన్నారు, అంతే. పుష్పకి అదొక్కటే పట్టుకుంది. అన్నం తింటున్నా అదే, పడుకున్నా అదే. ఆమెకి తెలియాలి అనేది. వద్దన్నాను. చెప్తే పోయినవాడు తిరిగి వస్తాడా అన్నాను. "రాడు సుందరక్కా. కానీ ఆవిడ, తను ముందే తీసుకొచ్చి చేర్పించి ఉంటే బతికేవాడని రోజూ ఏడుస్తోందట. అది అబద్ధం కదా" అంది. అప్పుడింక నేను కాదనలేక వెంట వెళ్లాను.

నర్సింహ భార్య నీలమ్మ కింద చాప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి, "ఎవరమ్మా, ఆఫీసోల్లా?" అంది. పుష్ప ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుంది. తను ఎవరో, ఏం పని చేసేదో ముందే చెప్పేసింది. నీలమ్మ చేట పక్కకి జరిపింది.

"ఏమైందో జర నాకు సమజయ్యేటట్టు చెప్పు బిడ్డా. నేను ఆరోజు నర్సమ్మను ఎన్నిసార్లు అడిగిన్నో. రిపోర్టు రాలే, రాలే అన్నది."

"వచ్చిందమ్మా. వార్డులో కంప్యూటర్ దాకా వచ్చింది. దాని మీద వేసిన నంబరు, అంతకుముందే వచ్చిన ఇంకో రిపోర్టు నంబరు ఒకటే అయింది. ఇది ముందొచ్చిందే కదా అనుకుని కంప్యూటర్ దీన్ని పారేసింది."

"చదువకుండనే పారేసిందా?"

"అది చదవదమ్మా. నంబరే చూస్తుంది."

"మాయన పేరున్నదిగద దాంట్ల?"

"ఉందమ్మా. లోపల ఉంది."

బయట సందులో ఆటో ఒకటి వెనక్కి తిరగలేక హారను మోగిస్తోంది. నాకు అక్కడినుంచి లేచి పారిపోవాలనిపించింది.

"నువ్వు చూసుకోవద్దా మరి?" అంది నీలమ్మ.

"చూశానమ్మా. ఇలా అవుతుందని చెప్పాను. వాళ్లకి అర్థమయ్యేటట్టు చెప్పలేకపోయాను."

రావుగారి పేరు ఎత్తుతుందేమోనని నేను చూశాను. ఎత్తలేదు. నేను నోరు తెరవబోతే నా చెయ్యి పట్టుకుని నొక్కింది.

"ముందుగాల వచ్చిన గా రిపోర్టు ఎవరిది?" అని నీలమ్మ అడిగింది.

పుష్పకి అది తెలుసు. ఉద్యోగం పోకముందే, ఆ పొద్దున వెళ్లిన రిపోర్టుల్ని అదే వరసలో తన మెషిను మీద మళ్లీ పంపి చూసి, ఎవరిది అడ్డొచ్చిందో తెలుసుకున్నాక కానీ నిద్రపోలేదు.

"ఎవరో పెద్దాయనదమ్మా. మామూలు పరీక్ష."

"గాయనకేం జబ్బు?"

"ఏమీ లేదని వచ్చింది."

"ఇంటికి పోయిండా?"

"వెళ్లిపోయాడమ్మా."

నీలమ్మ తల ఊపింది. చేట మళ్లీ ముందుకు లాక్కుంది. బియ్యంలో వేళ్లు పెట్టింది కానీ ఏరలేదు.

"ఇంక నేను ఆల్శం చేసిన్నని ఏడువ" అంది. "వచ్చి చెప్పినవు, మంచిగ చేసినవు. ఇంక మల్ల రాకు బిడ్డా. నీ మొకం జూస్తె నాకు గదే యాదికొస్తది."

పుష్ప "సరేనమ్మా" అని లేచి, నా కోసం ఆగకుండా సందులోకి వెళ్లిపోయింది.